సైమా ఎంచుకున్న ములుకులు

సైమా లాహ్తి మా ఊళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపింది. పెద్ద సరస్సు మీదుగా వచ్చే మంచు మా రోడ్లను ఒక్క రాత్రిలో పూడ్చిపెట్టేస్తుంది. అలాంటి రోడ్ల మీద ఆమె బస్సు ఏనాడూ పక్క కాలవలోకి జారలేదు. నేను అదే స్కూల్లో వంట చేసేదాన్ని. పిల్లల్ని దించేశాక సైమా వెనక తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చి, తనే కాఫీ పోసుకుని, పొయ్యి పక్కన నిలబడి తాగేది. కుర్చీ చూపిస్తే, "కూర్చుంటే లేవబుద్ధి కాదే, జెనెట్" అనేది. మా స్నేహమంతా అలా నిలబడే ముదిరింది.

ఆమె భర్త ఐనో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో వేట ఆయనదే. ప్రతి శరత్కాలంలో విల్లు పట్టుకుని జింకల కోసం వెళ్ళేవాడు, మాంసం తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాడు. ఆయన గుండెపోటుతో పోయాక ఆ విల్లు గరాజు గోడకే వేలాడుతూ ఉండిపోయింది. సైమా బస్సు మానేసిన ఏడాది డాక్టరు రోజూ నడవమన్నాడు. రెండు వారాలు నడిచి వచ్చి నాతో అంది:

"ఊరికే నడవడం నావల్ల కాదు. చేతిలో పని లేకుండా అడవిలో తిరుగుతుంటే ఏదో పోగొట్టుకున్నదానిలా ఉంది."

"పుట్టగొడుగులు ఏరుకోవే."

"వంగలేను. మోకాళ్ళు."

ఐనో విల్లు తీసి లాగి చూసింది. నారి సగం దూరం కూడా రాలేదు. తర్వాత చర్చివాళ్ళు పాత సామాన్లు అమ్ముతున్న చోట ఒక చిన్న చెక్క విల్లు దొరికింది. ఎవరో ఆడపిల్ల వాడి వదిలేసింది కాబోలు, పట్టుకునే చోట గులాబీ రంగు టేపు చుట్టి ఉంది. సైమా ఆ టేపు కూడా తియ్యలేదు. వేసవంతా ఇంటి వెనక గడ్డిమోపు పెట్టి దాని మీద కొట్టింది. బస్సు నడిపిన చేతులు కదా, ఒక పని పట్టుకుంటే వణకవు. ఆకులు రంగు మారేనాటికి ఆమె బాణాలన్నీ ఒక సాసరంత చోటులో దిగుతున్నాయి.

మొదటి వేటకు నేనూ వెళ్ళాను, ఫ్లాస్కు మోయడానికి. పాత గనుల రాళ్ళగుట్టల వెనక రైలు పట్టాలు పీకేసిన కట్ట ఒకటి ఉంది. దానికి రెండు వైపులా దేవదారు పొదలు, కుందేళ్ళకు మంచి చోటు. కట్ట మలుపులో ఒకటి చెవులు నిక్కించుకుని కూర్చుని ఉంది. సైమా బాణం వేసింది. తగిలింది. నేను కళ్ళారా చూశాను. బాణం కుందేలు గుండా అవతలికి పోయి నేలలో దిగింది. కుందేలు మాత్రం ఏమీ కానట్టే లేచి పొదల్లోకి పరుగెత్తింది.

చీకటి పడేదాకా వెతికాం. దొరకలేదు. మర్నాడు పొద్దున్నే సైమా ఒంటరిగా వెళ్ళింది. పడిపోయిన ఒక దేవదారు కింద దొరికిందట, అప్పటికే కాకులు తినేశాయి. సాయంత్రం మా ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే కూర్చుంది. కూర్చుందంటేనే నాకు అర్థమైంది.

"అది రాత్రంతా అక్కడే పడి ఉంది, జెనెట్. నేనేమో ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను."

ఆ శరత్కాలంలో ఇంక విల్లు ముట్టలేదు. వేట మానేస్తుందనుకున్నాను. మానలేదు. మంచు పడ్డ మొదటి వారంలో ఊరి విలుకాళ్ళ క్లబ్బుకు వెళ్దాం రమ్మంది.

క్లబ్బంటే ఫైరింజన్ల షెడ్డు పక్కన ఒక పొడవాటి రేకుల గది. అక్కడ బాణాల కొసలకు బిగించే ములుకులు, నారులు, ఈకలు చూసుకునేవాడు నార్బర్ట్ డుకెట్. కాగితం మిల్లులో లేతు మెషీను మీద పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. పెద్ద మీసం, పెద్ద గొంతు. చెప్పేది ఎవరూ వినకపోయినా చెబుతూనే ఉండే రకం.

సైమా జరిగింది చెప్పింది. నార్బర్ట్ విని, "ఏ ములికి వాడారు?" అన్నాడు.

"గడ్డిమోపు మీద కొట్టేవే."

"అవి గడ్డిమోపుకే పనికొస్తాయండి. సూదిలా దూరి అవతలికి పోతాయి. తగిలిన సంగతి ఆ జంతువుకే తెలీదు, పరిగెత్తేస్తుంది."

"అది నేను చూశాను. చూడనిది చెప్పండి."

నార్బర్ట్ ఆమెను ఒకసారి పైకీ కిందకీ చూసి, సొరుగు లాగి ములుకులన్నీ బల్ల మీద పోశాడు. మొదట బ్లేడులున్నది తీశాడు. "ఇది జింకకి. ఉడుత మీద వాడితే ఇంటికి తోక తీసుకెళ్తారు. పైగా చెట్టులోకి కొట్టారనుకోండి, కొమ్మలో దిగి అక్కడే ఉండిపోతుంది. క్రిస్మస్‌కి మీరు వేరే ఏమీ వేలాడదియ్యక్కర్లేదు." తర్వాత రబ్బరు టోపీలాంటిది తీశాడు. "ఇది మెత్తన. మీ విల్లు తేలిక కదా, దీంతో కొడితే కౌజుపిట్ట తిరిగి మిమ్మల్ని తిడుతుంది." ఆఖరికి చొక్కా జేబులోంచి ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. సీసా మూతలా గుండ్రంగా, చదునుగా ముఖం ఉన్న ఉక్కు ములికి. అది తనే లేతు మీద కోసి నునుపు చేసుకున్నది. "మొద్దు ములికి. చీల్చదు, గుద్దుతుంది. చిన్న జంతువు అక్కడే కూలబడుతుంది. నా చిన్నప్పుడు మా నాన్న కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు బాణానికి తొడిగేవాడు. అదే ఇది, ఇంకాస్త అందంగా."

సైమా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కానీ ఆమె కళ్ళు బల్ల మూలకు పోయాయి. అక్కడ నాలుగు స్ప్రింగు తీగల కాళ్ళు బయటికి చాచుకుని ఉన్న ములికి ఒకటి పడి ఉంది.

"అదేంటి?"

"అదా. ఎవరో వదిలేసి పోయారు. చూడకండి."

"ఎందుకు చూడకూడదు?"

"సాలీడుకి పెళ్ళి అలంకారం చేసినట్టుంటుంది. గురి తప్పేవాళ్ళ కోసం చేసింది. తప్పినా గడ్డిలో దూరకుండా ఆ కాళ్ళు పట్టుకుని బాణాన్ని ఆపుతాయట."

"నేను గురి తప్పుతాను" అంది సైమా. ఆ సాలీడును తీసుకుని జేబులో వేసుకుంది.

అలా మొదలైంది వాళ్ళిద్దరి తగువు. ఏది మంచిదో తేల్చుకుందాం రమ్మని నార్బర్ట్ తన పొలానికి పిలిచాడు. శనివారాలు అక్కడ ముల్లంగికి పెద్దన్నలాంటి రుటబాగా దుంపల్ని కర్రలకు గుచ్చి మంచులో పాతేవాడు. ఇద్దరూ వాటిని కొట్టేవాళ్ళు. నన్ను తోడు తీసుకెళ్ళేది సైమా, ఊళ్ళోవాళ్ళు ఏమైనా అనుకుంటారని. నేను వెళ్ళినా అనుకున్నారు. ఇంట్లో మా ఆయన గార్డన్ అడిగేవాడు: "ఈ శనివారం ఎవరు గెలిచారు? దుంపలా, వాళ్ళా?"

ఒక్క విషయంలో సైమా నార్బర్ట్ మాట తగువు లేకుండా వింది. ములికి ఏదైనా సరే, అన్నీ ఒకే బరువు ఉండాలన్నాడాయన. "బరువు మారితే బాణం దారి మారుతుంది. వేసవంతా మీ చేతికి నేర్పింది గంగలో కలుస్తుంది" అన్నాడు. ఇద్దరూ ఆయన చిన్న త్రాసు ముందు తలలు ఆనించి కూర్చుని, ఒక్కో ములికి తూచి, బరువెక్కువైనదాన్ని ఆకురాయితో అరగదీసేవాళ్ళు. గంటల తరబడి ఆకురాయి చప్పుడే. నేను అల్లిక చేసుకునేదాన్ని.

మిగతా అన్నిటికీ పోట్లాటే. మొద్దు ములికి తగిలితే దుంప పగిలి ముక్కలయ్యేది, అది చూసి నార్బర్ట్ మీసం దువ్వుకునేవాడు. కానీ తప్పితే ఆ బాణం మంచు కింద, నాచు కింద పాములా దూరిపోయేది. అప్పుడు ఆయన గడ్డిదంతె పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ వెతికేవాడు. సైమా తప్పిన బాణం మాత్రం ఎగిరి దొర్లి, అందరికీ కనిపించేలా మంచు మీద నిటారుగా నిలబడేది.

"బాణాలు దొరకడానికా వేటకెళ్ళేది?" అనేవాడు నార్బర్ట్ పాకుతూనే.

"రెండో బాణం వెయ్యడానికి. మీ దగ్గర రెండోది ఉందా?"

అయితే ఆమెకూ ఒక రోజు బుద్ధి వచ్చింది. వాగు పక్క పొదల్లో ఒక కౌజుపిట్ట పది అడుగుల్లో కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని కొట్టినా తగలాలి. తీగకాలు ఒకటి పుల్లకు తగులుకుని బాణం గిర్రున తిరిగి వాగులో పడింది. పిట్ట మెడ చాచి ఒకసారి చూసి, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నార్బర్ట్ గట్టిగా దగ్గాడు, అంతే. ఆ దగ్గు సైమాకు వారం రోజులు వినిపించిందట.

ఫిబ్రవరి ఆఖర్లో క్లబ్బువాళ్ళు అందరూ కలిసి కుందేళ్ళ వేటకు వెళ్తారు. అప్పటికి కుందేళ్ళు తెల్లగా మారిపోయి ఉంటాయి, మంచులో నల్లటి కన్ను తప్ప ఏమీ కనపడదు. భుజం ఆపరేషన్ తర్వాత నార్బర్ట్ కూడా సైమా విల్లంత తేలికైన విల్లే వాడుతున్నాడు. ఆ రోజు అందరికంటే ముందు ఆయన మొద్దు ములికి ఒక కుందేలుకు తగిలింది. డొక్కలో గుద్దింది. కుందేలు పడిపోయి కదల్లేదు. నార్బర్ట్ దాన్ని కోటు వెనక సంచీలో వేసుకుని, మేం మాంసం కూరిన పాస్టీలు వేడిచేస్తున్న మంట దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చూశారా, సైమా గారూ. రక్తం లేదు, వెతుకులాట లేదు. గుద్దింది, పడింది."

ఆ మాట పూర్తి కాకముందే కోటు వెనక భాగం కదిలింది. తర్వాత ఎగిరింది. నార్బర్ట్ "ఓయ్, ఓయ్" అంటూ తన చుట్టూ తనే తిరగడం మొదలుపెట్టాడు. వీపు మీద చెయ్యి వేద్దామంటే అందదు, కోటు విప్పుదామంటే బొత్తాలు రావు. లోపలినుంచి ఆ కుందేలు వెనక కాళ్ళతో తన్నుతోంది. మా ఆయన సాయం చేద్దామని వెళ్ళి, నవ్వాపుకోలేక మంచులో కూర్చుండిపోయాడు. చివరికి కోటు లోపలి గుడ్డ చిరిగి, కుందేలు దూకి, పాస్టీల పళ్ళెం మీదుగా దాటి అడవిలోకి పోయింది.

అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత నెల రోజులు నార్బర్ట్ ఎక్కడికి వెళ్ళినా, "వెనకెవరైనా ఉన్నారేమో చూసుకో" అనేవాళ్ళు. ఆ పూట నవ్వనిది సైమా ఒక్కతే. విల్లు కింద పెట్టి, కుందేలు వెళ్ళిన జాడ వెంట నడిచింది. కాసేపటికి నార్బర్ట్ చిరిగిన కోటుతోనే ఆమె వెనక వెళ్ళాడు. ఆయన మఫ్లరు ఇద్దామని నేనూ వెళ్ళాను. వాళ్ళు జాడల మీద వంగి చూస్తున్నారు.

"రక్తం లేదు" అంది సైమా.

"లేదు."

"అడుగులు సమానంగా పడుతున్నాయి. కుంటడం లేదు."

"బతుకుతుందంటారా?"

"మీ కోటు కంటే ఎక్కువ కాలమే బతుకుతుంది."

నార్బర్ట్ నవ్వలేదు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "చచ్చిందనే అనుకున్నాను. మెడ పట్టుకుని ప్రాణముందో లేదో కూడా చూడలేదు. నలభై ఏళ్ళుగా వేటాడుతున్నవాణ్ణి."

"మీ ములికిలో తప్పు లేదండీ. ఈ విల్లుల బలానికి అది కౌజుకి చాలు, ఉడుత తలకి చాలు. కుందేలు డొక్కకి చాలదు. నా సాలీడు కూడా చాలదు. బయలుదేరే ముందే దేనికోసం వెళ్తున్నామో అనుకోవాలి. మనం ఇన్నాళ్ళూ దుంపల మీద గెలవడానికి కొట్టుకున్నాం."

నేను మఫ్లరు చేతిలో పట్టుకునే వెనక్కి తిరిగి వచ్చేశాను. అక్కడ నాతో పని లేదనిపించింది.

తర్వాత మంచు కరిగేదాకా నార్బర్ట్ నేలమాళిగలోంచి లేతు చప్పుడు వినిపించేదని పక్కింటివాళ్ళు చెప్పారు. మంచు కరిగి రోడ్లు బురదైపోయిన రోజుల్లో ఒక సాయంత్రం ఆయన సైమా ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. చేతిగుడ్డలో చుట్టిన ములికి ఒకటి బల్ల మీద పెట్టాడు. ముఖం మొద్దు ములికిలాగే వెడల్పు. కానీ అంచు బిస్కెట్లు కోసే అచ్చులా పదును పెట్టి ఉంది, మధ్యలో అడ్డంగా రెండు చిన్న అంచులు. వెనక నాలుగు తీగకాళ్ళు, పుల్లలకు తగలకుండా పొట్టిగా కత్తిరించినవి.

"సాలీడుకి పెళ్ళి చేసేశాను" అన్నాడు.

సైమా దాన్ని వేలి మీద నిలబెట్టింది. "బరువు?"

"అదే. మొదటివి బరువెక్కువై బాణం ముక్కు కిందికి వంగిపోయింది. లోపల తొలిచాను."

"చాలా శ్రమపడ్డారు."

"శీతాకాలంలో ఒంటరిగా చేసేదేముంది?" అని, పెద్ద గొంతు మనిషి, చాలా మెల్లగా అన్నాడు.

ఆ ఏడు శరత్కాలంలో అదే రైలు కట్ట మీద సైమా ఆ కొత్త ములికితో ఒక కుందేలును కొట్టింది. దగ్గరికి వచ్చేదాకా ఆగి, కదలకుండా ఉన్నప్పుడే కొట్టింది. అది కూర్చున్న చోటే ఒరిగిపోయింది. సైమా మోకాళ్ళ నొప్పి మరిచి దాని పక్కన వంగి, వేడి చల్లారేదాకా చెయ్యి దాని మీదే ఉంచింది. నార్బర్ట్ టోపీ తీసి నిలబడ్డాడు.

రుటబాగా, క్యారెట్టు, ఉల్లిపాయలు వేసి ఆ కుందేలును సన్నటి సెగ మీద ఉడికించింది. శనివారం ఆవిరి స్నానాల రోజు కదా, ఆవిరి గదిలో పొయ్యి కూడా వెలిగించి నార్బర్ట్‌ను స్నానానికి, భోజనానికి పిలిచింది. మావైపు ఎవరినైనా కాఫీకి పిలుస్తారు. శనివారం ఆవిరి గదికి పిలిచారంటే అది వేరే సంగతి. సోమవారం నేను ఆగలేక అడిగాను.

"ఏమే, పెళ్ళా?"

"నాకు బాణాలు వెతికిపెట్టే మనిషి కావాలి. ఆయనకి వినే మనిషి కావాలి. దీనికి పాస్టరెందుకే?"

కానీ చేసుకున్నారు. ఆమెది లూథరన్ చర్చి, ఆయనది కాథలిక్ చర్చి. రెండింటివాళ్ళూ కాఫీ, కేకు తమ దగ్గరే పెట్టాలని మొండికేస్తే, ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా కోర్టుకెళ్ళి సంతకాలు పెట్టి వచ్చారు. నేనూ గార్డనూ సాక్షులం. నార్బర్ట్ సైమా ఇంటికి మారాక కూడా పోట్లాటలు ఆగలేదు. కానీ ఐనో విల్లు గరాజు గోడ మీదే ఉంచాలా వద్దా అని సైమా బెంగపడుతుంటే నార్బర్టే దాని నారికి మైనం రాసి తిరిగి తగిలించాడు. "మంచి విల్లు. ఎండిపోనివ్వకూడదు" అన్నాడు.

తొమ్మిదో పదో ఏళ్ళు గడిచాక నార్బర్ట్ కళ్ళకు మసక వచ్చింది. చూపు మధ్యలో మచ్చ, అది మెల్లగా పెరిగింది. డాక్టరు ఇంజెక్షన్లిచ్చినా ఆగలేదు. ఒకనాడు గడ్డిమోపు కనపడడం లేదన్నాడు. విల్లు తుడిచి పెట్టెలో పెట్టేశాడు. ఆ చలికాలం పెద్ద గొంతు ఇంట్లో వినిపించలేదు. సైమా నాకు ఫోన్ చేసి, "ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందే, జెనెట్. నాకు అలవాటు తప్పింది" అంది.

సెప్టెంబరు రాగానే ఆయన బూట్లు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

"నేనెందుకు? అడ్డం" అన్నాడు.

"బాణాలెవరు వెతుకుతారు?"

"కళ్ళులేనివాణ్ణి పట్టుకుని వెతకమంటావేంటే?"

"చెవులున్నాయిగా. ఎక్కడ పడిందో విని చెప్పు, నేను తెచ్చుకుంటాను."

వెళ్ళాడు. నిజంగానే ఆయనకు వినిపించేది. ఎండుటాకుల మీద పడిందా, నాచు మీదా, చెట్టు మొదలుకు తగిలిందా, ఎంత దూరంలో అని చెప్పేవాడు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు. తప్పుగా చెప్పినప్పుడు ఆమె కాస్త తిరిగి వెతుక్కుని, ఆయన చెప్పిన చోటే దొరికిందనేది. అది నాకు మాత్రమే చెప్పింది. ఆయనకూ తెలుసని నా అనుమానం.

పోయిన అక్టోబరులో వాళ్ళతో మళ్ళీ నేనూ వెళ్ళాను. బయలుదేరే ముందు నార్బర్ట్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ములుకుల డబ్బా ముందు పెట్టుకుని, వేళ్ళతో తడిమి తడిమి బాణాలకు బిగిస్తున్నాడు. "ఈ రోజు కౌజులకి కదా. వాగు పక్క పొదలు. కాళ్ళులేని మొద్దువి రెండు. కట్ట మీద కుందేలు కనిపిస్తే దానికొకటి" అంటూ బిగించి ఇచ్చాడు. సైమా అంబులపొదిలో పెట్టుకుంటూ ఒకదాని దగ్గర ఆగింది. అది గడ్డిమోపుకు వాడే సూది ములికి. ఆమె నావైపు చూసి, మెల్లగా దాన్ని తిప్పి ఊడదీసి, సరైనది బిగించింది.

"మార్చావు కదూ" అన్నాడు నార్బర్ట్ డబ్బా మూత పెడుతూ.

"మార్చాను."

"ఏది పెట్టాను?"

"సూదిది."

"అది ఈ డబ్బాలో ఎందుకుంది?"

"నేనే పడేశాను. నా తప్పు."

"ఊఁ" అన్నాడాయన. "రేపు కూర్చుని డబ్బా అంతా సర్దుదాం. ఒక్కో రకం ఒక్కో అరలో. నువ్వు చూసి ఇవ్వు, నేను పెట్టుకుంటాను."

"సరే. ముందు కోటు వేసుకో, చలిగా ఉంది."

ఆ రోజు రెండు కౌజులు దొరికాయి. ఒకటి మొదటి బాణానికే పడింది. రెండోదాన్ని కొట్టేముందు ఒక బాణం తప్పిపోయింది. నార్బర్ట్ చెయ్యి చాచి, "ఎడమ పక్కన, నీళ్ళకి ఇవతల, మెత్తటి చోట" అన్నాడు. నేనే వెళ్ళి చూశాను. నీళ్ళకు ఇవతలే, నాచులో సగం దూరి ఉంది. తెచ్చి ఆయన చేతిలో పెడితే, ములికి తడిమి, మట్టి తుడిచి సైమాకిచ్చాడు. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే పిట్టల్ని వెన్నలో వేయించుకుని తిన్నాం. నార్బర్ట్ భోజనమంతా మాట్లాడుతూనే ఉన్నాడు, ఈ ఏడు వాగు ఎంత ఎండిపోయిందో, క్లబ్బు కొత్తవాళ్ళకు ఈకలు అతికించడం ఎంత రాదో. సైమా ఎముకలు ఏరి తన పళ్ళెంలో వేసుకుంటూ, మాంసం ముక్కలు ఆయన పళ్ళెంలోకి నెడుతూ, అన్నీ వింది.